పుదుచ్చేరి తిన్నెలు

పుదుచ్చేరి పట్టణము నడుమ, సముద్రతీరమునకు ఇంచుమించు సమాంతరముగా, ఉత్తరమునుండి దక్షిణమునకు ఒక కాలువ కలదు. ఆ కాలువకు తూర్పున, కెరటముల హోరు వినవచ్చునంత దూరములో, ఫ్రెంచివారు తమకొఱకు కట్టుకొన్న వీధులున్నవి. పడమట, తమిళులు తమ పెద్దలనాటి పద్ధతిని విడువక కట్టుకొన్న వీధులున్నవి. పాలకులు మొదటిదానిని తెల్లనగరమనియు, రెండవదానిని నల్లనగరమనియు వ్యవహరించిరి. ఆ పేరులలోని అవమానము కాలక్రమమున మాసిపోయినను, యాత్రికుల పాదములు నేటికిని తూర్పుదెసకే మరలుచున్నవి. పసుపువన్నె గోడలమీదికి ప్రాకిన కాగితపుపూల తీగలను, తమిళ ఫ్రెంచి భాషలలో వీధిపేరులు వ్రాసిన నీలిరంగు పలకలను చూచి, ఛాయాచిత్రములు తీసికొని, పుదుచ్చేరిని చూచితిమన్న తృప్తితో మరలిపోవువారే యధికము. కాలువ దాటి పడమటికి నాలుగడుగులు వేసినవారికిగదా ఆ పట్టణపు అసలు హృదయము తెలియుట! నేను వ్రాయబూనినది ఆ పడమటి వీధుల యిండ్లను గూర్చి.

తూర్పువీధులలోని ఫ్రెంచి గృహము వీధికి పెడమొగమై నిలుచును. ఎత్తైన ప్రహరి, దాని నడుమ నగిషీ తీర్చిన పెద్ద వాకిలి, వాకిలి దాటినపిమ్మట తోట, తోటకు అభిముఖముగా స్తంభముల వసారా, దాని వెనుక ఎత్తైన గదులు, ఆ గదులకు కమాను కిటికీలు, ఆ కిటికీలకు గాలిని రానిచ్చి ఎండను రానీయని రెక్కల తలుపులు. చక్కదనమునకు లోపమేమియు లేదు. కాని ఆ చక్కదనమంతయు గోడకు లోపలనే యున్నది. బాటసారికి దక్కునది గోడయొక్కటే. పడమటి వీధిలోని యిల్లు అట్లుగాక వీధికి ఎదురేగును. మొదట తాళ్వారము, పిదప తిన్నె, ఆ తరువాతనే ద్వారము. తాళ్వారమనగా ఇంటి ముందుగోడనుండి వీధివైపునకు వాలుగా దింపిన పెంకుల కప్పు, దానిని మోయు కొయ్యస్తంభముల వరుస. ఒక యింటి తాళ్వారము ప్రక్కయింటి తాళ్వారముతో కలసి, అది ఆవలియింటిదానితో కలసి, వీధి ఈ చివరనుండి ఆ చివరవఱకు ఒకే నీడగా సాగుటచే, వైశాఖపుటెండలోగాని కార్తికపు వానలోగాని నడచువానికి తలమీద కప్పు తప్పెడిది కాదు. దాని వెనుక ద్వారమునకు ఇరుప్రక్కల, మోకాలియెత్తున, నున్నగా సున్నము పూసిన తిన్నెలు. తమిళులు తిణ్ణై యందురు. మాట మనదే, వస్తువును మనదే. మన పల్లెలలో దానినే అరుగనియు పిలుతుము. ఇంటివాడు తన స్థలములో కొంత, తన సొమ్ములో కొంత, తాను ఎన్నడును పేరెఱుగని బాటసారికై విడిచిపెట్టుట ఈ గృహవాస్తువునకు మూలసూత్రము.

ఈ వీధుల పుట్టుక చిత్రమైనది. 1674లో ఫ్రాన్సువా మార్టిన్ అను ఫ్రెంచి వర్తకాధికారి, బిజాపురపు సుల్తానుల పక్షమున ఆ సీమను ఏలుచుండిన షేర్‌ఖాన్ లోడీ అనుమతితో ఇచట వర్తకస్థానమును నెలకొల్పినప్పుడు, ఇది సముద్రపుటొడ్డున ఒక చిన్న గ్రామము. ఆ వర్తకమునకు ప్రాణము బట్ట. బట్టకు ప్రాణము సాలెవారు. సాలెలను, వర్తకులను, ఆ యిరువురిని అంటిపెట్టుకొని బ్రదుకు వృత్తులవారిని చుట్టుప్రక్కల గ్రామములనుండి రప్పించి నిలిపినగాని ఓడలకు సరకు దొరకదు. మార్టిన్ కృషి ఫలించుచుండగనే 1693లో డచ్చివారు పట్టణమును జయించి, 1697 నాటి రిస్విక్ సంధి ననుసరించి 1699లో తిరిగి ఫ్రెంచివారికి ఒప్పగించువఱకు దానిని తమ చేతిలో నుంచుకొనిరి. ఉన్న ఆఱేండ్లలో డచ్చివారు చేసిన పని నేటికిని మన కన్నులయెదుట నున్నది. నూలుపట్టినట్లు సాగి ఒకదాని నొకటి సమకోణములలో ఖండించుకొను తిన్నని వీధుల కూర్పు వారి పటములలో గీయబడినది. ఫ్రెంచి పట్టణమని లోకము మెచ్చు ఈ నగర విన్యాసమునకు తొలి రేఖలు డచ్చివారివని పండితులు ఆ పటములను పరిశీలించియే కనుగొనిరి. ఆ పటములలో ఒక్కొక్క కులమునకు, ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క వీధి నిర్దేశింపబడినది. చెట్టివీధి, వెళ్ళాళవీధి, వైశ్యాళ్ వీధి అని నేటికిని వినవచ్చు పేరులు ఆ పాతవిభాగమును జ్ఞప్తికి తెచ్చును. మనుష్యులను వేరుపఱచు ఆ యేర్పాటును మెచ్చుకొనజాలను. ఒకే వృత్తివారు ఒకే వీధిలో నుండుటవలన ఇండ్ల యెత్తు, తాళ్వారముల వాలు, తిన్నెల వరుస ఒక్కతీరుగా కుదిరి, వీధియంతయు ఒకే గృహమువలె కనబడునట్టి యందము ఏర్పడినదని మాత్రము ఒప్పుకొనక తప్పదు.

ఇక లోనికి పోవుదము. తిన్నెల నడుమ ద్వారబంధము: టేకుకొయ్యతో చేసినది, పై కమ్మిమీద లతలో, గజలక్ష్మియో చెక్కబడియుండును, తలుపులకు ఇత్తడి బొడిపెలు. గడప దాటగనే ఇఱుకైన నడవ. వీధి వెలుతురునుండి వచ్చిన కంటికి అచట ఒక్క క్షణము చీకటి క్రమ్మును. ఆ చీకటి చివర, తెరచిన ఆకాశమునుండి జాఱిన వెలుగు నలుచదరముగా నేలమీద పడియుండును. అదియే ముట్రము, మన మండువా. దాని చుట్టును కొయ్యస్తంభములు, స్తంభముల వెనుక నాలుగువైపుల పంచలు, పంచలకు చేరి గదులు. ఆవల వంటిల్లు, దాని వెనుక మఱియొక చిన్న ముంగిలి, బావి, దొడ్డిగుమ్మము. ద్వారమునుండి దొడ్డిగుమ్మమువఱకు వాకిళ్ళన్నియు ఒకే వరుసను నుండుటచే, తలుపులు తెరచినప్పుడు వీధిలో నిలిచినవానికి దొడ్డిలోని చెట్టు కానవచ్చును. గాలియు ఆ త్రోవనే వచ్చి ఆ త్రోవనే పోవును.

గోదావరి మండలములలోని మండువా లోగిలిలో పుట్టి పెరిగిన తెలుగువానికి ఇచట క్రొత్తదనము తోపదు. అరుగు, నడవ, మండువా, దొడ్డి, అన్నియు తానెఱిగినవే. ప్రాచీనులు చతుశ్శాల యని చెప్పిన గృహమునకే ఇవన్నియు సంతతి. కాని ఒక భేదము కలదు. ఆ భేదమును గమనింపనిదే పుదుచ్చేరి యింటి మర్మము తెలియదు. కోనసీమ లోగిలి కొబ్బరిచెట్ల నడుమ తన పెరటిలో తాను ఒంటరిగా నిలుచును. దానికి నాలుగుప్రక్కలను గాలియు వెలుతురును కలవు. పుదుచ్చేరి యిల్లు అట్లు కాదు. వీధికి తక్కువ వెడల్పుతో, వెనుకకు చాల పొడవుగా సాగిన ఇఱుకు స్థలములో, ఇరుప్రక్కల ఇండ్లతో గోడలు పంచుకొని నిలిచినది. ప్రక్కగోడలకు కిటికీలు పెట్టుటకు వీలు లేదు. కనుక ఆ యింటికి వెలుతురు రావలసినది ఆకాశమునుండియే. వేడిగాలి పోవలసినదియు ఆ మార్గముననే. మన లోగిలికి మండువా అలంకారమైనచో, ఈ యింటికి ముట్రము ఊపిరితిత్తి. అది పూడినచో ఇల్లు కొన్నియేండ్లలో చెమ్మగిల్లి చచ్చును. ఈ మాట నేను అలంకారముగా వ్రాయుట లేదు. అట్లు చచ్చిన యిండ్లను ఆ వీధులలో చూడవచ్చును.

ఈ యిండ్ల మిద్దెలను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలయును, ఏలయన ఆ విద్య మన కన్నులయెదుటనే అంతరించుచున్నది. గోడలు సన్నని చిట్టియిటుకతో, సున్నముతో కట్టినవి. మిద్దెకొఱకు గోడనుండి గోడకు టేకు దూలములను, వానిపై జానెడు మూరెడు ఎడముతో వాసములను పఱచి, ఆ వాసములపై పలుచని యిటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలుగా, సున్నములో పొదిగి పేర్చుదురు. దానిపై యిటుకముక్కలును సున్నమును కలిపిన మందమైన పొరను పోసి, బెల్లపు నీటిని, కరక్కాయ కషాయమును చల్లుచు, చేతి దిమ్మిసలతో కొన్ని దినములపాటు కొట్టుదురు. దిమ్మిస దెబ్బకు లోపలి గాలియంతయు వెలువడి, పొర దగ్గఱపడి, కొట్టిన దిమ్మిస ఎగిరిపడునంత గట్టిపడినపిమ్మట పలుచని పలకలను పఱచి ముగింతురు. మద్రాసు టెర్రేసని తాపీ పనివారు చెప్పుకొనునది ఇదియే. గోడల పైపూతకు గుల్లసున్నమును నెలల తరబడి నీట నానబెట్టి, వెన్నవలె మెదిపి, మెఱుగునకై గ్రుడ్లలోని తెల్లసొన కలిపి, నున్నని రాతితో రుద్దిరుద్ది పాలరాతి నిగ్గు తెచ్చెడివారు. అట్టి స్తంభముపై చేయి వేసినచో నడివేసవిలోనైనను చల్లగా తగులును. సున్నము ఊపిరి పీల్చునని పాత మేస్త్రీలు చెప్పుదురు. గోడలోనికి దిగిన వానచెమ్మ సున్నపుపూతగుండ మరల వెలికి పోవును. ఆ పూతపై మన కాలపువారు బలమునకని సిమెంటు పూయగా, చెమ్మ వెలికి రాజాలక లోపలనే నిలిచి, గోడలో దాగిన దూలపు కొనను కుళ్ళజేయును. పైకి గోడ చక్కగనే యుండును; ఒక వానాకాలమున మిద్దె క్రుంగును.

ఇండ్ల ప్రస్తావనలో యుద్ధముల ప్రసక్తి రాక మానదు. 1761 జనవరిలో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొని, కోటను, ఫ్రెంచి భాగమును నేలమట్టము గావించిరి. నేడు యాత్రికులు మెచ్చు తూర్పువీధుల భవనములన్నియు, సంధి కుదిరినపిమ్మట 1765 మొదలుకొని పాత పునాదుల జాడలో తిరిగి లేచినవే. ఆ విధ్వంసమునకు ముందునాటి గృహమును చూడగోరువారు కాలువ దాటి పడమటికే రావలయును. పెద్ద అంగడికి చేరువను, తన పేరనే పిలువబడు వీధిలో, ఆనందరంగ పిళ్ళె యిల్లు ఇంకను నిలిచియున్నది.

1709లో జన్మించిన ఈ పిళ్ళె, ఫ్రెంచి గవర్నరు డూప్లెక్సు దొరతనమున ప్రధాన దుబాసియై, ఫ్రెంచివారికిని దేశీయులకును నడుమ సకల వ్యవహారములను నడిపినవాడు. 1736 మొదలుకొని తన కడపటి దినములవఱకు తమిళమున దినచర్య వ్రాసినవాడు. పట్టణము ఆంగ్లేయుల వశమైన ఆ 1761 జనవరిలోనే ఆయనయు కన్నుమూసెను. దక్షిణదేశపు పదునెనిమిదవ శతాబ్ది చరిత్ర వ్రాయువారు ఆ దినచర్యను తెరవక ఒక్క అడుగైనను వేయజాలరు. 1748లో ఆంగ్లేయుల ముట్టడి సమయమున వేదపురీశ్వరాలయమును ఫ్రెంచివారు పడగొట్టుటను గూర్చి ఆయన వేదనతో వ్రాసికొన్న విషయము అందున్నది. ఆ దేవళము పిమ్మట వేఱొక వీధిలో పునర్నిర్మింపబడినది.

1738 ప్రాంతమున కట్టిన ఆ యింటిలో క్రిందియంతస్తు తమిళము, పైయంతస్తు ఫ్రెంచి. క్రింద ముట్రము చుట్టును నగిషీ చెక్కిన టేకుస్తంభములు. మెట్లెక్కి పైకి పోగా, అదే ముట్రమును చుట్టుకొని గుండ్రని తెల్లని సున్నపు స్తంభములు. ఒకే చతురస్రాకాశము రెండు దేశముల స్తంభములగుండ ఆ యింట దిగును. పగలెల్ల గవర్నరు కొలువున ఫ్రెంచి మాటను తమిళముగా, తమిళపు మాటను ఫ్రెంచిగా మార్చు వృత్తిలో నుండినవాని యింటికి ఇంతకన్న తగిన రూపమేది? తెలుగువారమైన మనకు ఆ గడపతో మఱియొక బంధుత్వమును కలదు. కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందమను ఛందోలక్షణ గ్రంథము ఈ పిళ్ళెకే అంకితము. తమిళ ప్రభువు, ఫ్రెంచి కొలువు, తెలుగు కృతి! తెలుగు పద్యము ఏ నడుమ గీతలను, ఏ కాలువలను లెక్కింపక ఆ వీధివఱకు నడచి వచ్చినదన్న స్మృతితో నేను ఆ స్తంభములను చూచితిని. ఆ చూపులో కొంత మమకారము కలసియున్నచో పాఠకులు మన్నింతురుగాక.

పిళ్ళె యింట మొదట కనబడిన ఈ మేళవింపు పందొమ్మిదవ శతాబ్దమున పడమటి వీధుల ధనికులందఱకు ఆదర్శమైనది. క్రింద తాళ్వారము, తిన్నె, చెక్కడపు ద్వారము యథాపూర్వముగా నుండును. దానిపై లేచిన మేడకు మాత్రము కమాను కిటికీలు, రెక్కల తలుపులు, గోడకంటిన అర్ధస్తంభములు, సున్నముతో తీర్చిన పూలదండలు, కిటికీల నెత్తిన రంగుటద్దముల పంకాలు, మిద్దె యంచున కూజాలవంటి పిట్టగోడ కమ్ములు. ఇది సంకరమని, రెండింట దేనికిని చెందదని పెదవి విఱచు రసజ్ఞులున్నారు. నాకు ఆ మాట సమ్మతము కాదు. క్రిందియంతస్తు అతిథికి, దైవమునకు, వంటకు, పెండ్లికి, పురుటికి సంబంధించినది. అచట ఆచారము మాఱుటకు వీలు లేదు, మాఱలేదు. పైయంతస్తు ఆచారముయొక్క పట్టు లేని క్రొత్త స్థలము. అంతేకాక, చుట్టుప్రక్కల కప్పులకన్న పైకి లేచిన ఆ గదికి తూర్పుదెసనుండి సాయంకాలపు సముద్రపుగాలి అందును. గాలిని పట్టుటకు పొడవైన ఫ్రెంచి కిటికీయే తగినది. ఎచట ఏది ఉపయోగమో అచట దానిని నిలిపిన వివేకమును అనుకరణమనరాదు.

పట్టణపు దక్షిణభాగమున కాజీవీధి, ముల్లావీధి మొదలగు ముస్లిముల వీధులలోను, పెద్దచర్చికి చుట్టునున్న క్రైస్తవుల వీధులలోను ఈ రెండు పద్ధతుల కలయికయే వేఱువేఱు పాళ్ళలో కనబడును.

ముందు చెప్పిన వైశ్యాళ్ వీధికి కోమటిచెట్టి వీధియని పూర్వనామము; కోమటి యన్న మాట చెవిని పడినప్పుడు తెలుగువాడు తలయెత్తి చూడక మానడు. 1910 ఏప్రిలు 4వ తేదీన కలకత్తానుండి రహస్యముగా ఓడమీద వచ్చిన అరవిందులకు తొలుత ఆశ్రయమిచ్చినది ఆ వీధిలోని కళవె శంకరచెట్టియారు మేడయే. ఆ మేడ పైగదిలో ఆయన ఆ సంవత్సరము అక్టోబరువఱకు గడపెను. అంతకు రెండేండ్ల ముందే, 1908లో, ఆంగ్లప్రభుత్వపు చెఱ తప్పించుకొని వచ్చిన తమిళకవి సుబ్రహ్మణ్య భారతి ఈ పడమటి వీధులలోనే దశాబ్దకాలము నివసించెను. ఈశ్వరన్ ధర్మరాజ కోవెల వీధిలో ఆయన ఉండిన యిల్లు నేడు స్మారకమందిరము. ఆంగ్లేయుల వేగులవారు ఆ వీధులలో కాపువేసియుండిరి. పరారియై వచ్చిన కవిని కడుపున దాచుకొన్నదియు ఈ యిండ్లే, ఎండకు సొలసిన వేగులవానికి నీడనిచ్చినదియు ఈ తాళ్వారములే.

1954 నవంబరు 1వ తేదీన పుదుచ్చేరి పరిపాలన భారతదేశమునకు సంక్రమించినది. దానికి కొన్ని నెలలముందే, అదే ఫ్రెంచి పతాకముక్రింద రెండు శతాబ్దములకు పైబడి యుండిన మన యానాము స్వాతంత్ర్యమును పొందినది. అటుపిమ్మటి దశాబ్దములలో పడమటి వీధులకు కలిగిన నష్టము ఏ సేనాపతియు కలిగించినది కాదు. ఉమ్మడి కుటుంబములు చీలినవి. నలుగురన్నదమ్ములు నాలుగు వాటాలు కోరగా, ముట్రము నడుమ గోడ లేచినది. వాటా చాలనివాడు తన భాగమున ముట్రముపై కప్పు వేసెను, ఊపిరితిత్తి మూతపడినది. అంగడి వీధులలో స్థలము వెల పెరుగగా, ముందుభాగమును పడగొట్టి దుకాణములు కట్టిరి. తాళ్వారముల కాలు వీధిస్థలమున నిలిచియుండుటచే, వాహనములకు త్రోవ కావలసివచ్చినపుడు మొదట పోయినవి అవియే. వీధి పొడవునను సాగిన ఆ నీడలో నేడు అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క మిగిలినది. 2014 నవంబరు వానలలో తూర్పుభాగపు పురమందిరము, 1870ల నాటి ఘనమైన భవనము, ఒక్కుమ్మడిగా కూలిపోయినప్పుడుగాని సున్నపు మిద్దె యెంత సంరక్షణను కోరునో పట్టణమునకు తెలియలేదు. దానిని పూర్వరూపముననే తిరిగి కట్టిరి. ప్రభుత్వపు భవనము గనుక కట్టిరి. పేరులేని నాలుగు వాటాల యింటికి ఆ భాగ్యమెచ్చటిది?

అయినను నిరాశకు తావులేని పని యొకటి జరిగినది. 2002 తరువాతి సంవత్సరములలో, వారసత్వ సంరక్షణకు పాటుపడు ఇంటాక్ సంస్థ పూనికతో, పురపాలక సంఘము, ఐరోపా సమాఖ్య సాయము తోడుగా, వైశ్యాళ్ వీధి యిండ్ల ముందుభాగములను వరుసగా పునరుద్ధరించిరి. పడగొట్టిన తాళ్వారములను తిరిగి నిలిపిరి. సిమెంటును గీకి సున్నము పూసిరి. మఱచిపోయిన పనిని తెలిసిన ముసలి మేస్త్రీలచేత పడుచువారికి నేర్పించిరి. ఇందులో నాకు మిక్కిలి ముచ్చటైన విషయము, ఇంటి యజమానులు సొంతముగా కొంత సొమ్ము వెచ్చించి పాల్గొనుట. 2008లో ఈ పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది. ఒక్క మేడనుగాక ఒక వీధినే గౌరవించుట సముచితము. ఏలయన ఈ వాస్తువున విడి యిల్లు అన్నది సగము మాట.

ఆ వీధిలో తిరుగాడిన సాయంకాలమున నేను చూచిన ఒక యింటిని గూర్చి చెప్పి విరమింతును. అది పునరుద్ధరించినవానిలోనిది కాదు. దొంగలకు వెఱచి కాబోలు, ఇంటివారు తిన్నెలకు ముందు ఇనుప కటకటాలు బిగించియుండిరి. కాని తిన్నె అంచు ఇనుపచట్రముకన్న వెడల్పైనందున, జానెడు స్థలము కటకటాలకు వెలుపల మిగిలిపోయినది. అచట పూలబుట్ట దించి ఒక ముసలమ్మ కూర్చుండి, కనకాంబరములను మూరలు కొలిచి కత్తిరించుచుండెను. లోపలినుండి ఒక యిల్లాలు కమ్ములసందున చేయి చాచి, మూరెడు పూలు తీసికొని, చిల్లర ఇచ్చి, ముసలమ్మ అడుగకయే చెంబుతో మంచినీళ్ళు అందించెను.